ట్రాన్స్ అక్కలు ఎదురు తిరిగితే మనం ఎటు నిలబడాలె?

పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్న. సెమిస్టర్ పరీక్షలు అయిపోయినయి కాబట్టి నేను తీరిగ్గా రాస్తున్న, మీరు కూడా తీరిక ఉన్నప్పుడే చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ముగ్గురు ట్రాన్స్ మహిళలు ఒక బండిని ఆపి, దాని మీద ఉన్న ఇద్దరు పిలగాళ్లను నిలదీస్తున్నారు. చేతులు చరుస్తున్నారు, గట్టిగా అరుస్తున్నారు. బండి మీద ఉన్నోళ్లు అంతకుముందు ఏం చేశారో వీడియోలో లేదు. కింద నవ్వే బొమ్మలు ముప్పై దాకా ఉన్నాయి. "పాపం పోరగాళ్లు దొరికిపోయిన్రు" అని ఒక అన్న రాశాడు. ఇంకో తమ్ముడు ఒక బూతు మాట కూడా రాశాడు, దాన్ని అడ్మిన్ తర్వాత తీసేశారు. ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. ఆ మాట ఊర్లల్ల అందరూ అంటారు, మేమూ వింటూ పెరిగినం. కానీ ఇది గిరిజన విద్యార్థుల గ్రూపు. మనల్ని ఎవరన్నా "ఏయ్ లంబాడీ", "ఏయ్ కోయోడా", "ఎరుకల దొంగ" అంటే మన రక్తం ఎట్ల మరుగుతదో మనకు తెలుసు. అందుకే ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వేధించినోళ్లను ట్రాన్స్ మహిళలు రోడ్డు మీద నిలబెట్టి అడిగితే, మనం వాళ్ల పక్కన నిలబడాలె. జాలితోటి కాదు, దానికి వేరే కారణం ఉంది.

1871లో బ్రిటిషోళ్లు ఒక చట్టం తెచ్చారు. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని మనందరం విన్నదే. ఆగస్టు 31న విముక్తి దినం జరుపుకునేటప్పుడు మన పెద్దలు స్టేజీల మీద చెప్తనే ఉంటారు. ఒక జాతిలో పుడితే చాలు, నేరస్థుడని పేరు రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలె. చెప్పకుండా ఊరు దాటొద్దు. తర్వాత 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకలోళ్లను, కొన్ని జిల్లాల్లో సుగాలీలను అందులో చేర్చారు. స్టువర్టుపురం అట్ల పుట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి నడిపించారు. 1952 ఆగస్టు 31 దాకా ఆ ముద్ర పోలేదు. చట్టం పోయినా ముద్ర పూర్తిగా పోలేదని మనకు తెలుసు, అది వేరే సంగతి.

ఇదంతా మనకు తెలిసిన కథ. మనకు ఎవరూ చెప్పని సగం ఇంకొకటుంది. ఆ 1871 చట్టంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం మన లాంటి జాతుల మీద. రెండో భాగం హిజ్రాల మీద. చట్టం పేరులోనే రెండు వర్గాలనూ కలిపి రాశారు. మనకు ఒక రిజిస్టర్, వాళ్లకు ఒక రిజిస్టర్. వాళ్ల ఆస్తుల లెక్క పోలీసు దగ్గర ఉండాలె. రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనపడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పిలగాణ్ణి దత్తత తీసుకోవద్దు, వీలునామా రాయొద్దు. అంటే మనిషి బతికుండగా వీధిలో కనపడొద్దు, చచ్చినంక కూడా తన సొమ్ము తన ఇష్టమొచ్చినోళ్లకు ఇవ్వొద్దు.

నేను ఇది చదివిన రోజు కాలేజీ లైబ్రరీలో చాలాసేపు అట్లనే కూర్చున్న. ఒకే పుస్తకంలో, ఒకే సిరాతోటి, మన తాతలనూ వాళ్ల గురువులనూ దొంగలని రాశారు. మనం వాళ్లను చూసి నవ్వుతున్నం!

ఇక మన హైదరాబాద్ సంగతి. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, అదే దారిలో ఇక్కడ కూడా ఒక చట్టం వచ్చింది. తర్వాత దాన్నే తెలంగాణ యూనక్స్ యాక్ట్ అన్నారు. రిజిస్టర్, ఆడ బట్టలతో కనపడితే అరెస్టు, వీధిలో పాడినా ఆడినా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్ల లోపు పిలగాడు వాళ్ల ఇంట్లో ఉన్నా నేరమే. మన మీద పెట్టిన చట్టం 1952లో పోయింది. వాళ్ల మీద పెట్టిన ఈ చట్టం ఎప్పుడు పోయిందో తెలుసా? 2023 జూలై 6న. నేను అప్పటికి ఇంటర్ చదువుతున్న. అప్పటిదాకా అది పుస్తకంలో ఉంది.

అదేదో దయ తలిచి గవర్నమెంటు తీసేసింది కాదు. వైజయంతి వసంత మొగ్లి అనే ట్రాన్స్ మహిళ ముందుండి 2018లో హైకోర్టులో పిల్ వేశారు. అయిదేళ్లు నడిచింది. చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచ్, రాజ్యాంగం 14, 21 ఆర్టికల్స్‌కు ఆ చట్టం విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్ పథకంలో ట్రాన్స్‌జెండర్లను కలపమని కూడా అదే తీర్పులో చెప్పింది. ఎదురు తిరగడం అంటే బండి ఆపి అరవడం ఒకటే కాదు, ఇది కూడా ఎదురు తిరగడమే. కానీ కోర్టు మెట్లెక్కిన ఈ అక్క వీడియో మన గ్రూపులో ఒక్కసారి కూడా రాలేదు. అరిచిన వీడియోలే వస్తాయి.

2018 అంటే ఇంకో సంగతి కూడా గుర్తు చెయ్యాలె. ఆ ఏడాది మే నెలలో వాట్సాప్‌లో పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని పుకార్లు వచ్చినయి. మీ తండాల్లో కూడా రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా తిరిగే ఉంటారు. మా దగ్గర తిరిగారు, నాకు గుర్తుంది. మే 26 రాత్రి చాంద్రాయణగుట్టలో రంజాన్ నెల కదా అని అడుక్కోవడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన ట్రాన్స్ మహిళల మీద గుంపు పడ్డది. రాళ్లతో కొట్టారు. ఒకామె చనిపోయింది. పిల్లలను ఎత్తుకపోతారనే అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? వాట్సాప్ నుంచి అని అందరూ రాశారు. కానీ నిజాం చట్టంలో రిజిస్టర్ ఎవరి కోసం పెట్టారో చూడండి: పిలగాళ్లను ఎత్తుకపోతారని అనుమానం ఉన్నోళ్ల కోసం అని అందులోనే ఉంది. వందేళ్ల కింద కాగితం మీద రాసిన అనుమానం, వందేళ్ల తర్వాత ఫోన్లో ఫార్వర్డ్ అయింది. ఈ అనుమానం మనకు కొత్త కాదు. గుడుంబా కేసు ఒకరి మీద ఉంటే తండా మొత్తం మీద రెయిడ్ చేసేది ఈ అనుమానంతోనే.

అంతకుముందు 2015 జనవరిలో కూడా హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్ మహిళను చంపేశారు. అప్పటికే వరసగా దాడులు జరుగుతుంటే, ఆ రోజుల్లోనే తెలంగాణ హిజ్రా ఇంటర్సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి వాళ్లు గట్టిగా ముందుకొచ్చి మాట్లాడటం మొదలుపెట్టారు. అందులో నుంచే చంద్రముఖి మువ్వల 2018 అసెంబ్లీ ఎన్నికల్లో గోషామహల్ నుంచి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ తరఫున నిలబడ్డారు. మన వాళ్లు సర్పంచ్ నామినేషన్ వెయ్యడానికే ఎంత భయపడతారో తెలుసు కదా, అట్లాంటిది నగరం నడిబొడ్డున ఎమ్మెల్యేకు నిలబడ్డారు.

ఇప్పుడు బోరబండ సంగతికి వస్తా. తెలియనోళ్ల కోసం చెప్తున్న, మా హాస్టల్ ఇక్కడే. ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ ఒక్క స్టేషన్ దూరం. ఆ అద్దాల బిల్డింగుల్లో ఊడ్చేటోళ్లు, క్యాంటీన్‌లో వండేటోళ్లు, క్యాబ్ నడిపేటోళ్లు, రాత్రి గేటు కాడ నిలబడేటోళ్లు చాలామంది ఇటు సైడే కిరాయికి ఉంటారు. మన తండాల నుంచి వచ్చినోళ్లు కూడా ఉన్నారు. ట్రాన్స్ మహిళలు కూడా ఇటే ఉంటారు, ఎందుకంటే అటు మాదాపూర్‌లో వాళ్లకు ఇల్లు ఎవరిస్తారు? ఇక్కడ కూడా ఊరికే ఇవ్వరు. పక్క గదికి నాలుగు వేలు ఉంటే వీళ్లకు ఆరు వేలు.

ఇక్కడ నాకు ఒక అక్క పరిచయం. పేరు రాయను, ఏ తండానో కూడా రాయను. మా మండలమే అని మాత్రం చెప్తా. ఒకరోజు బస్టాప్‌లో నేను యాడితో ఫోన్‌లో గోర్ బోలిలో మాట్లాడుతుంటే పక్కనుంచి ఒక గొంతు, మన భాషలోనే, ఏ తండా బిడ్డవమ్మా అని అడిగింది. తిరిగి చూస్తే ఆమె. హైదరాబాద్ వచ్చి అప్పటికి రెండేళ్లయినా నాతో దారిలో గోర్ బోలి మాట్లాడిన మొదటి మనిషి ఆమే. ఇంటర్ సెకండియర్‌లో ఇంట్లో నుంచి వెళ్లగొట్టారంట. ఇప్పుడు చీరలకు ఫాల్స్ కుట్టి, బ్లౌజులకు హెమ్మింగ్ చేసి బతుకుతుంది. చేతి పని చూస్తే మన నాయనమ్మల కాంచళీ కుట్టు గుర్తొస్తది, అంత సన్నగా.

ఆమె పని ముగించుకుని వచ్చే దారిలో ఒక షాపు ముందు రోజూ నలుగురైదుగురు పిలగాళ్లు కూర్చుంటారు. మా హాస్టల్ అమ్మాయిలం కూడా అదే దారిలో పోతాం. మా మీద మాటలు వస్తాయి, మేం తలవంచుకుని వేగంగా నడుస్తాం. మా వార్డెన్ మేడం చెప్పింది కూడా అదే, అటు చూడొద్దు, ఆగొద్దు అని. అక్క మీద మాటలతో ఆగరు. చున్నీ గుంజుతారు. నీళ్ల ప్యాకెట్ కొడతారు. "రేటెంత" అంటారు. ఒకసారి వెనక నుంచి చెయ్యి వేశారు.

ఆరోజు ఆమె ఆగింది. చెయ్యి వేసినోని చొక్కా పట్టుకుంది. వదలలేదు. "నీ ఇంట్ల అక్క లేదా, చెల్లె లేదా" అని అడగలేదు, మనం అందరం అదే అడుగుతాం కదా, ఆమె అది అడగలేదు. "నా మీద ఎందుకు చెయ్యేసినవ్, చెప్పు" అని అదొక్కటే మళ్లీ మళ్లీ అడిగింది. జనం మూగారు. ఇరవై ఫోన్లు లేచినయి. ఒక పెద్దమనిషి వచ్చి ఆమెతోనే "పోనీయమ్మా, నీకెందుకు లొల్లి" అన్నాడు. ఆమె తర్వాత నాతో ఒక మాట అన్నది: "రోజూ ఊకున్నప్పుడు ఎవ్వరూ వీడియో తియ్యలే చెల్లె. అరిచిన రోజే తీసిన్రు." మన గ్రూపులోకి వచ్చిన వీడియో ఆమెది కాదు. కానీ అది చూసినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది.

ఆమె ఇంకో ఇద్దరితో కలిసి పోలీస్ స్టేషన్‌కు పోయింది. ఏ స్టేషనో రాయను, ఇక్కడ అది ముఖ్యం కాదు. కంప్లైంట్ రాయడానికి నన్ను పిలిచింది, తెలుగు నీట్‌గా రాస్తానని. ఒకటిన్నర పేజీ రాసిన. అక్కడ కూర్చున్నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ముందు నువ్వు ఆడా మగా అది చెప్పు." రెండో ప్రశ్న ఆమె ఎస్టీ అని చెప్పినంక వచ్చింది. కులం సర్టిఫికెట్ చూపించమన్నాడు. చూపిస్తే అందులో పాత పేరు, అబ్బాయి పేరు, చిన్నప్పటి ఫోటో. "ఇది నీదేనా, ఎవరిదన్నా తెచ్చినవా" అన్నాడు. మూడు గంటలు కూర్చున్నం. చివరికి ఎఫ్ఐఆర్ కాలేదు. పిలగాళ్లను పిలిపించి, తిట్టి, క్షమాపణ చెప్పించి పంపారు. అన్యాయమే. కానీ ఒకటి జరిగింది: ఆ షాపు ముందు ఇప్పుడు వాళ్లు కూర్చోవట్లేదు. మా హాస్టల్ అమ్మాయిలం అరవై మందిమి ఆ దారిలో తల ఎత్తుకుని నడుస్తున్నం. అరిచింది ఆమె, లాభం మాకు.

ఎస్టీ సర్టిఫికెట్ ముచ్చట ఎందుకు రాశానంటే, చట్టంలో తేడా చూడండి. ఎవరన్నా బయటి కులం మనిషి నలుగురిలో మనల్ని కులం పేరుతో కావాలని అవమానిస్తే, 1989 ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష. ముందస్తు బెయిలు దొరకదు. ట్రాన్స్‌జెండర్ల కోసం 2019లో తెచ్చిన చట్టంలో 18వ సెక్షన్ చూస్తే, కొట్టినా, మాటలతో హింసించినా, లైంగికంగా హింసించినా అన్నిటికీ కలిపి రాసింది ఆరు నెలల నుంచి రెండేళ్లు. మహిళ మీద అత్యాచారం చేస్తే కనీసం పదేళ్లు. అదే నేరం ట్రాన్స్ మహిళ మీద జరిగితే రెండేళ్ల సెక్షన్ చూపిస్తారు. పైగా 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చింది, అందులో పాత 377 లాంటి సెక్షన్ కూడా లేదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఉండటాన్ని నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది, అది మంచిదే. కానీ బలవంతం చేసినోళ్ల మీద వాడుకోవడానికి అందులో మిగిలిన ముక్క కూడా కొత్త చట్టంలోకి రాలేదు. ఇది లా చదివే మన అన్నలు ఇంకా బాగా వివరించగలరు, కామెంట్‌లో రాయండి.

సరే, ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "వాళ్లు కూడా వేధిస్తారు కదా? రైల్లో, సిగ్నల్ దగ్గర, కొత్త ఇల్లు కట్టుకున్నోళ్ల దగ్గర డబ్బులు గుంజుతారు, ఇవ్వకపోతే తిడతారు." నిజమే. నేను కాదనను. మా బాపును కూడా కాజీపేట రైల్లో ఒకసారి ఇబ్బంది పెట్టారు, ఆయన ఇప్పటికీ చెప్తాడు. బలవంతంగా డబ్బులు గుంజితే అది నేరమే, ఎవరు చేస్తే వాళ్ల మీద కేసు పెట్టాలె. ఎవరు చేస్తే వాళ్ల మీద. ఫాల్స్ కుట్టుకునే అక్క మీద కాదు. ఒక లంబాడీ పిలగాడు సెల్‌ఫోన్ కొట్టేస్తే హాస్టల్లో ఉన్న లంబాడీ పిల్లలందరి పెట్టెలు వెతికితే మనం ధర్నా చేస్తాం కదా. అదే న్యాయం.

ఇంకొకటి కూడా ఉంది. వాళ్ల లోపల వాళ్లకు కూడా బాధలున్నాయి. ఏరియాల పంచాయితీలు, వసూళ్లలో వాటాలు, బలమున్నోళ్లు బలం లేనోళ్ల మీద చేసే దౌర్జన్యం. అక్క అటు పోకుండా కుట్టు పని పట్టుకోవడానికి అది కూడా ఒక కారణం. అంటే ఆమె రెండు వైపులా ఎదురు తిరిగింది. బయటోళ్ల మీద అరిచింది అందరూ చూశారు, లోపల "నేను రాను" అని చెప్పింది ఎవరూ చూడలేదు.

ఉద్యోగాల గురించి ఎక్కువ రాయను, మీరు పేపర్లో చూసే ఉంటారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు ఉస్మానియా హాస్పిటల్‌లో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరారు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్. ప్రాచీ మన ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివారు. మంచిదే. కానీ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్లకు దేశంలోనే మొదటిది అని చెప్పుకున్నది, అమెరికా నిధులు ఆగిపోగానే 2025లో మూతపడ్డది. తర్వాత వేరే పేరుతో, వేరే డబ్బుతో మళ్లీ తెరిచారు. హైటెక్ సిటీ పక్కనే ఉన్న నగరంలో ఒక చిన్న క్లినిక్ నడవాలంటే వాషింగ్టన్ నుంచి పైసలు రావాలె! జూన్ నెల వస్తే అటు కంపెనీల గోడల మీద ఇంద్రధనస్సు జెండాలు కనపడతాయి. ఆ గేటు ముందుకు అక్క పోతే సెక్యూరిటీ అన్న కర్ర ఊపుతాడు.

మన సంప్రదాయం పేరు చెప్పి మాట్లాడేటోళ్లకు కూడా ఒక మాట. వేములవాడ రాజన్న దగ్గరికి మన తండాలోళ్లు కూడా పోతారు. శ్రీరామనవమి నాడు అక్కడ శివపార్వతులు త్రిశూలాలు పట్టుకుని, నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టుకుని దేవుణ్ణి పెళ్లి చేసుకుంటారు. వాళ్లల్లో హిజ్రాలు ఎంతమంది ఉంటారో చూసినోళ్లకు తెలుసు. ఆరోజు కాళ్లు మొక్కుతాం. దీవెన తీసుకుంటాం. తెల్లారి అదే మనిషి బస్సులో పక్క సీట్లో కూర్చుంటే లేచి నిలబడతాం.

"మన తండాల్లో అట్లాంటోళ్లు లేరు" అని ఒక అన్న గతంలో రాశాడు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగ, ఆడ కాకుండా ఇతరులు అని రాయించుకున్నోళ్లు 43,769 మంది. అందులో ఎస్టీలు 3,225. చెప్పుకోవడానికి ధైర్యం చేసినోళ్లే అంతమంది. అంటే మన గూడేల్లో, తండాల్లో, మన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. హాస్టల్లో ఎవడైనా పిలగాడు కొంచెం మెత్తగా మాట్లాడితే, కొంచెం వేరేగా నడిస్తే వానికి ఏ పేరు పెడతారో, స్నానాల కాడ ఏం చేస్తారో బాయ్స్ హాస్టల్లో ఉన్న అన్నలకు నాకంటే బాగా తెలుసు. ఆ పిలగాడు టెన్త్ దాటకుండా పోతే అది కూడా మన డ్రాపౌట్ల లెక్కనే. మనం పోడు పట్టాల మీద, స్కాలర్‌షిప్ బకాయిల మీద పోస్టులు రాస్తాం, రాయాలె కూడా. దీని మీద ఎందుకు రాయం?

రిజర్వేషన్ ముచ్చట కూడా మనకు సంబంధించిందే. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనకబడినోళ్లుగా చూసి రిజర్వేషన్ ఇవ్వమంది. బాగుంది. కానీ వాళ్లందరినీ బీసీలో కలిపేస్తే మన ఎస్టీ ట్రాన్స్ అక్క ఏం కావాలె? ఎస్టీ వదులుకుని బీసీ తీసుకోవాలా, లేకపోతే ట్రాన్స్ అన్నది దాచుకుని ఎస్టీలో ఉండాలా? అందుకే అడ్డంగా ఇచ్చే రిజర్వేషన్, హారిజాంటల్ అంటారు కదా, అది కావాలని వాళ్లు అడుగుతున్నారు. ఇప్పుడు మహిళలకు, వికలాంగులకు ఎట్లైతే ప్రతి కేటగిరీ లోపల వాటా ఉందో అట్ల. ఎస్టీ కోటా లోపల ఎస్టీ ట్రాన్స్‌జెండర్‌కు, ఎస్సీ లోపల ఎస్సీకి. కర్ణాటక 2021లోనే ఉద్యోగాల్లో ఒక శాతం అట్ల ఇచ్చింది. తెలంగాణలో కూడా కావాలని మన సంఘాలు ఎందుకు అడగొద్దు? మన కోటా తగ్గదు, మన కోటాలో మన మనిషే వస్తది. "మన సీట్లు పోతాయి" అనేటోళ్లు ఈ ఒక్క పాయింట్ ఆలోచించండి.

ఇక పనికొచ్చే విషయాలు. సైబరాబాద్ పోలీసులు 2021 మార్చిలో గచ్చిబౌలిలో ట్రాన్స్‌జెండర్ల కోసం ఒక డెస్క్ పెట్టారు. 2022లో రాష్ట్ర మహిళా భద్రతా విభాగం కింద ప్రైడ్ ప్లేస్ అని ఒక సెల్ పెట్టారు. ఇవి ఉన్నాయని అక్కకు కూడా తెలియదు, మేం తర్వాత చూసి చెప్పినం. ఏ స్టేషన్‌లోనైనా కంప్లైంట్ రాసుకుని, ఎఫ్ఐఆర్ అయితే దాని కాపీ ఉచితంగా ఇవ్వాలె, ఇది బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్. తీసుకోకపోతే అదే కంప్లైంట్‌ను పై ఆఫీసర్‌కు పోస్టులో పంపొచ్చు. రసీదు దాచుకోండి. పక్కన ఒక సాక్షి పేరు, ఫోన్ నంబర్ ఉంటే కంప్లైంట్‌కు బలం వస్తది. ఇక్కడే మన అవసరం. వీడియో తీస్తే తీయండి, కానీ అరిచినామె మొహం కాదు, చెయ్యి వేసినోని బండి నంబర్ తీయండి. అది గ్రూపులో పెట్టకండి, ఆమెకు పంపండి.

2019 చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఇట్లాంటి ఫిర్యాదుల కోసం ఒక అధికారిని పెట్టాలె. కాలేజీ కూడా సంస్థే. హాస్టల్ కూడా. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో అడగండి. నేను మా దగ్గర అడిగితే "అదేంటి" అని నన్నే అడిగారు. రాతపూర్వకంగా అడిగిన, రిసీవ్డ్ స్టాంప్ వేయించుకున్న.

పేరు మార్చుకోవాలనుకునే మన వాళ్ల కోసం: కేంద్రం 2020 నవంబర్‌లో ఒక పోర్టల్ పెట్టింది, అందులో అప్లై చేస్తే జిల్లా కలెక్టర్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తారు. ఆ కార్డు చూపించి మిగిలిన కాగితాల్లో పేరు, జెండర్ మార్చుకునే హక్కు ఉంటది. కులం సర్టిఫికెట్ కూడా అందులోనే వస్తది. అక్క ఫైల్ ఇప్పుడు అక్కడే ఉంది. అఫిడవిట్, ఆధార్, పాత కులం సర్టిఫికెట్, ఇంటర్ మెమో అన్నీ స్కాన్ చేసి పెట్టినం. ఇంటర్ మెమో కోసం ఆమె ఏడేళ్ల తర్వాత మండలానికి పోవాల్సి వచ్చింది. తండా దాకా పోలేదు, కాలేజీ వరకే పోయి తిరిగొచ్చింది. వాళ్ల యాడి రోడ్డు మీదికి వచ్చి అయిదు నిమిషాలు కలిసి పోయిందంట, ఒక టిఫిన్ డబ్బా ఇచ్చి.

మీ తెలిసినోళ్లు ఎవరికైనా ఈ అప్లికేషన్ నింపాల్సి ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి. అఫిడవిట్ తెలుగు నమూనా నా దగ్గర ఉంది, పంపిస్తా. ఆదివారం పొద్దున హాస్టల్లో వైఫై కొంచెం బాగుంటది, అప్పుడైతే ఫోన్లో కూర్చుని కలిసి నింపొచ్చు.